రెండు రోజుల ఆయాసం

29 జనవరి 2024, సోమవారం. గుంటూరు

డాక్టర్లు రోజూ ఏం చెబితే అది రాసిపెట్టమని మా అబ్బాయి ప్రసాదు ఈ డైరీ కొనిచ్చాడు. ముందు పేజీలు వాడికోసం. వాటిలో మందుల పేర్లు, అంకెలు రాస్తున్నాను. ఇది వెనకవైపు. ఇక్కడ రాసేది ఎవరికీ చూపించను.

చందన గుండె రక్తాన్ని నెట్టలేకపోతోంది. తొడల దగ్గర రెండు లావుపాటి గొట్టాలు వేశారు. ఒక గొట్టంలోంచి నల్లటి రక్తం యంత్రంలోకి పోతుంది, ఇంకో గొట్టంలోంచి ఎర్రగా తిరిగి ఒంట్లోకి వస్తుంది. ఎక్మో అంటారట. గుండె పనీ ఊపిరితిత్తుల పనీ ఇప్పుడు అదే చేస్తోంది.

"ఇది మందు కాదమ్మా. గుండె కోలుకునేదాకా మనిషిని నిలబెడుతుంది, అంతే. కోలుకోవాల్సింది గుండే" అన్నాడు మణిదీప్ డాక్టరు. ప్రసాదు కంటే చిన్నవాడిలా ఉన్నాడు.

ఆయాసం ఎప్పటినుంచి అని అడిగాడు. ప్రసాదు నావైపు చూశాడు. ఇంట్లో కోడలి సంగతి అత్తకే కదా తెలిసేది.

"రెండు రోజులు" అన్నాను.

డాక్టరు రాసుకున్నాడు.

పాప లాడ్జి గదిలో నిద్రపోతోంది. పుట్టి పన్నెండు రోజులు. పురుడు కూడా సరిగా జరగలేదు, ఇంకా పేరు పెట్టలేదు.

30 జనవరి

రెండు రోజులే. శుక్రవారం దగ్గు ఎక్కువైంది. శనివారం మధ్యాహ్నం మంచం మీంచి లేవబోయి ఒరిగిపోయింది. శుక్రవారం, శనివారం. రెండు.

31 జనవరి, బుధవారం

లోపలికి పొద్దున పదకొండుకు ఒకరిని, సాయంత్రం అయిదుకు ఒకరిని పంపుతారు. పొద్దుటి వంతు నాది.

చందన మత్తులో ఉంది. నోట్లో గొట్టం. జుట్టు మాత్రం రెండు జడలుగా ఎవరో శుభ్రంగా అల్లారు. నేను అటే చూస్తుంటే పక్కనున్న నర్సు చెప్పింది.

"నేనే అల్లినా పెద్దమ్మా. చిక్కు పడితే మళ్ల విప్పలేం."

"ఏ ఊరమ్మా మీది?"

"గిద్దలూరు. మొన్న మీరు మాట్లాడతా ఉంటేనే అనుకున్నా, మనవైపోళ్లని."

పేరు హెప్సిబా. తెరమీద ఎర్ర గీత చూపించింది. గుండె తనంతట తాను రక్తం నెడితే ఆ గీత గుట్టలు గుట్టలుగా లేస్తుందట. యంత్రమొక్కటే తిప్పుతుంటే సాపుగా పోతుందట. చందన గీత సాపుగా ఉంది, పలక అంచులాగా.

"రోజూ దీన్ని చూసుకుంటా ఉంటాం. పొద్దున్నే స్కానింగ్ పెట్టి, గుండెలో నిండిన రక్తంలో ఎంత బయటికి పోతా ఉందో లెక్క కడతారు. మామూలోళ్లకి నూటికి అరవై దాకా ఉంటది. అక్కది పది."

పది అని ముందు పేజీలో రాశాను.

ఆదివారాలు ఆ జుట్టుకు నూనె పెట్టేది నేనే. పెళ్లైన కొత్తలో వద్దనేది. ఒకరోజు తలనొప్పిగా ఉందంటే కూర్చోబెట్టి పెట్టాను. ఆ తర్వాతి ఆదివారం తనే గిన్నె తెచ్చుకుని నా కాళ్ల దగ్గర కూర్చుంది. రేడియో పెట్టుకునేవాళ్లం. ఎండ మెట్ల మీదికి వచ్చేదాకా అలాగే ఉండేవాళ్లం. నాకు కూతుళ్లు లేరు. ఆ రెండు గంటలకోసం వారమంతా ఎదురు చూసేదాన్ని. ఆ మాట ఆ పిల్లతో ఎప్పుడూ అనలేదు.

1 ఫిబ్రవరి

కాళ్లు వాయడం జబ్బా? ప్రసాదు కడుపులో ఉన్నప్పుడు నావీ వాచాయి. చెప్పుల్లో పట్టేవి కావు. ఎవరు పట్టించుకున్నారు? అప్పట్లో మార్కాపురంలో మా పెరట్లోనే పలకల ఫ్యాక్టరీ. పొద్దున ఏడింటికి తర్లుపాడు నుంచి ఆటోల్లో ఆడవాళ్లు దిగేవాళ్లు. వరసగా కూర్చుని పలకలకు చెక్క చట్రాలు కొడుతుంటే ఆ చప్పుడు వీధి చివరికి వినిపించేది. నల్లదుమ్ము కనురెప్పల మీద కూడా పేరుకునేది. వాళ్లకు మజ్జిగ కలిపి పోసేది నేనే, ఎనిమిదో నెల కడుపుతో, ఆ వాచిన కాళ్లతో. మా అత్తగారు సుబ్బలక్ష్మమ్మ గడపలో కూర్చుని చూసేది. ఆమె మాట మీద ఇల్లంతా నడిచేది. ఎవరికీ ఏ జబ్బూ రాలేదు. బలమైన రోజులు అవి.

ఇప్పుడు ఆ పెరట్లో టైల్సు గోడౌను. ప్రసాదు మంచిగానే నడుపుతున్నాడు. కానీ చప్పుడు లేదు.

2 ఫిబ్రవరి, శుక్రవారం

గీత లేచింది. చిన్న చిన్న గుట్టలు. హెప్సిబా నా మోచెయ్యి పట్టుకుని మరీ చూపించింది. స్కానింగులో పదిహేను.

ప్రసాదు వారంలో మొదటిసారి రెండు ఇడ్లీలు పూర్తిగా తిన్నాడు.

3 ఫిబ్రవరి, శనివారం

ఈరోజు యంత్రం వేగం కొంచెం కొంచెంగా తగ్గించి చూశారు. భారం గుండె మీద వేసి, అది మోస్తుందో లేదో కనిపెట్టాలని. పావుగంట కూడా కాలేదు, బీపీ పడిపోయింది, గుట్టలన్నీ అణిగిపోయాయి. మళ్లీ పెంచేశారు.

మణిదీప్ డాక్టరు బయటికి వచ్చి మాతో మాట్లాడాడు. కాన్పుల సమయంలో గుండె మెల్లగా నీరసించే జబ్బు ఒకటి ఉందట. వైరసు వల్ల గుండె కండకు ఒక్కసారిగా వాపు వచ్చే జబ్బు ఇంకొకటి.

"రెండు రోజుల్లోనే ఇంతకు వచ్చిందంటే వాపు జబ్బనే అనుకుంటున్నాం. కానీ అదైతే ఈపాటికి ఇంకాస్త తేరుకోవాలి. సోమవారం మెడ దగ్గర నరంలోంచి తీగ పంపి గుండె కండ ముక్క ఒకటి తీస్తాం, బియ్యపు గింజంత. పరీక్షకు. రక్తం గడ్డకట్టకుండా మందులు నడుస్తున్నాయి కాబట్టి ప్రమాదం లేకపోలేదు."

ప్రసాదు సంతకం పెట్టాడు.

చందన తల్లి యశోద వదిన కురిచేడు నుంచి వచ్చి నాలుగు రోజులైంది. పాపకు డబ్బాపాలు కలుపుతూ అడిగింది. "వదినా, డిసెంబరులోనే ఆయాసమని నాకు ఫోన్లో చెప్పింది గదా. కడుపుతో ఉంటే మామూలేనని మీరే అన్నారు. ఆ సంగతి డాక్టరుకు చెప్పినారా?"

"చెప్పాను" అన్నాను.

4 ఫిబ్రవరి, ఆదివారం

చెప్పలేదు.

డిసెంబరు మొదటివారంలో అంది. "అత్తయ్యా, పడుకుంటే ఊపిరాడడం లేదు." దిండు ఎత్తుగా పెట్టుకోమన్నాను. తర్వాత రెండు దిండ్లు అడిగింది, తర్వాత మూడు. కాళ్లు చూపించింది. వేలితో నొక్కితే గుంట పడింది. మా కాలంలో ఇవన్నీ లెక్కలోకే రావన్నాను. మేడ మెట్లు ఎక్కి మధ్యలో కూర్చునేది. ఒకసారి నేను నవ్వాను కూడా.

ఏడో నెలలో యశోద వదిన వచ్చి, మొదటి కాన్పు మా ఇంట్లో చేస్తామని అడిగితే నేను పంపలేదు. కురిచేడులో ఏముంది, మార్కాపురంలో డాక్టర్లున్నారన్నాను. నిజమే, డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె "ఎట్లా ఉందమ్మా?" అని చందనను అడిగింది. చందన నోరు తెరిచేలోపే "కాళ్లు కొంచెం వాచినయి, అంతే. బాగుంది" అని నేనే చెప్పాను. చందన నావైపు చూసి ఊరుకుంది. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. గుర్తు లేనట్టు ఇన్ని రోజులు ఉన్నాను.

కాన్పు తర్వాత పది రోజులూ ఆయాసపడుతూనే ఉంది. పురుట్లో బయటికి తీసుకెళ్లకూడదని నేనే అన్నాను.

ఇంకొకటి కూడా రాయాలి. మొన్న ఫ్యాక్టరీ రోజుల గురించి రాశాను కదా, నా కాళ్లు ఎవరు పట్టించుకున్నారని. అబద్ధం. చట్రాలు కొట్టే రోశమ్మ ఒకరోజు మజ్జిగ గ్లాసు పట్టుకునే నన్ను చూసింది. "సుబ్బలక్ష్మమ్మా, కోడలికి మొహం గూడా ఉబ్బింది. డాక్టరుకు చూపియ్యి" అని మా అత్తకు చెప్పింది. మరుసటి రోజు తెల్లవారగానే మా అత్త నన్ను ఎర్రబస్సు ఎక్కించి నరసరావుపేటలో లేడీడాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. బీపీ అన్నారు. నెలరోజులు ఉప్పు లేని అన్నం పెట్టింది, తనూ నాతోపాటు అదే తింది. మజ్జిగ పోసే పని మాన్పించింది.

ఇదంతా ముప్పయ్యేళ్లుగా నాకు తెలుసు. చందనకు మాత్రం "మా కాలంలో" అంటూ ఇంకో కథ చెప్పాను. చెప్పీ చెప్పీ అదే జరిగిందనుకున్నాను.

రేపు పొద్దున పదింటికి ఆ ముక్క తీస్తారు.

5 ఫిబ్రవరి, సోమవారం

ఎనిమిదింటికే వెళ్లాను. డాక్టరు ఇంకా రాలేదు. హెప్సిబా డ్యూటీ మారి వెళ్లబోతోంది. మణిదీప్ డాక్టరుతో అర్జంటుగా మాట్లాడాలన్నాను. ఆ పిల్ల నా మొహం చూసి వెంటనే ఫోన్ చేసింది.

ఆయన వచ్చాడు. కాన్ఫరెన్సు గదిలో ప్రసాదు, యశోద వదిన కూడా ఉన్నారు. వాళ్లను బయటికి పంపమని అడగాలనిపించింది. అడగలేదు.

"రెండు రోజులు కాదు డాక్టరుగారూ. డిసెంబరు నుంచి ఉంది. నేను తప్పు చెప్పినాను."

ఆయన కోప్పడలేదు. జేబులోంచి పెన్ను తీశాడు.

"పడుకుంటే ఎక్కువయ్యేదా?"

"అవును."

"ఎన్ని దిండ్లు?"

"మూడు."

"కాళ్ల వాపు?"

"నొక్కితే గుంట పడేది."

"కాన్పుకు ముందు నుంచీ, తర్వాత కూడా?"

"అవును."

పాత మాట మీద గీత కొట్టి కొత్తగా రాశాడు. "మూడు దిండ్ల ఆయాసం రెండు నెలలుగా ఉందంటే కాన్పుల గుండె జబ్బుకే ఎక్కువ ఆస్కారం. ముక్క తీయడం ఇవాళ ఆపుతున్నాం. దీనికి వేరే మాత్ర ఉంది. పాలు ఎండిపోతాయి, కానీ గుండెకు మంచిది. ఇంకొకటి, ఇది నిదానంగా తేరుకుంటుంది. మొన్న యంత్రం తగ్గించడంలో మేం తొందరపడ్డాం. ఇంకా టైమిస్తాం."

ఆయన వెళ్లాక గదిలో ముగ్గురం మిగిలాం. యశోద వదిన లేచి వెళ్లిపోయింది.

ప్రసాదు మెట్ల దగ్గర నిలబడ్డాడు. నన్ను చూడకుండానే అన్నాడు. "నాకూ ఒకసారి చెప్పిందమ్మా. నిన్నడిగితే మామూలే అంటివి. మొన్న నువ్వు రెండు రోజులంటే, నేనే ఏదో తప్పుగా గుర్తుపెట్టుకున్నా అనుకున్నా."

"నాయనా..."

"నువ్వు చెప్పింది నమ్మడం అలవాటైపోయింది నాకు."

ఇంతకంటే వాడు తిట్టి ఉంటే బాగుండేది.

6 ఫిబ్రవరి

యశోద వదిన పాప బట్టలు, డబ్బా, సీసాలు తన గదిలోకి తీసుకెళ్లింది. ఒక్క మాటైనా అనలేదు.

7 ఫిబ్రవరి

ఇవాళ కూడా.

8 ఫిబ్రవరి, గురువారం

పదహారు.

రెండేళ్ల కిందట శ్రీశైలం వెళ్లాం, నేనూ చందనా ప్రసాదూ. పెద్దదోర్నాలలో కారు ఆపి టీ తాగుదామన్నాడు ప్రసాదు. హోటలు ముందు బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. పెనం మీద దోసెల వాసన రోడ్డంతా. నేను దర్శనమయ్యేదాకా ఏమీ తిననని చెప్పాను. చందన రెండు దోసెలు చెప్పింది.

"నాకు ఆకలిగా ఉంది అత్తయ్యా. మీకు లేదా?"

"లేదు."

"నిజంగా?"

నిజంగా నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఆ పిల్ల ఒక దోసె నా ముందుకు జరిపి, "మల్లన్న ఏమనుకోడులే" అంది. తిన్నాను. అంత రుచిగల దోసె మళ్లీ తినలేదు. చెక్‌పోస్టు దాటి అడవిలోకి వెళ్లాక కిటికీ అద్దం దించుకుని ఇద్దరం వెనక సీట్లో నిద్రపోయాం.

ఈ సంగతి పొద్దుట్నుంచి తలుచుకుంటున్నాను. మొదట సంతోషంగానే తలుచుకున్నాను. తర్వాత తట్టింది. ఆ పిల్ల ఆకలైతే ఆకలంటుంది, నిద్రొస్తే నిద్రంటుంది. ఒంట్లో సంగతి ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. మూడేళ్లు పక్కనే ఉండి ఆ మాత్రం నాకు తెలియదా? తెలుసు.

9 ఫిబ్రవరి

పద్దెనిమిది. గుట్టలు పెద్దవయ్యాయి. నేను అడగకముందే హెప్సిబా చెప్పింది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ కవాటం తెరుచుకుంటోందట.

11 ఫిబ్రవరి, ఆదివారం

మళ్లీ తగ్గించి చూశారు. ఈసారి అద్దం బయట నిలబడనిచ్చారు, నన్నూ యశోద వదిననూ. యంత్రం దగ్గర ఒకతను అంకెలు పైకి చదువుతున్నాడు. నిమిషానికి నాలుగు లీటర్ల నుంచి మూడున్నరకు. ఆగారు. మూడుకు. ఆగారు. మణిదీప్ డాక్టరు చందన ఛాతీ మీద స్కానింగు పెట్టి తెరలోకి తల దూర్చి చూస్తున్నాడు. రెండున్నర. రెండు. బీపీ ఎనభైకి దిగింది. ఎవరూ కదల్లేదు. మళ్లీ తొంభై. ఒకటిన్నర.

మా వైపు చెయ్యి ఊపి, అయిదు వేళ్లు రెండుసార్లు చూపించాడు. ఇంకో పది నిమిషాలు చూస్తానని. ఆ పది నిమిషాలు నిలిచింది.

యశోద వదిన నా చెయ్యి పట్టుకుని ఉందని తర్వాత చూసుకున్నాను. ఎప్పుడు పట్టుకుందో ఇద్దరికీ తెలియదు. చూసుకున్నాక వదిలేసింది.

ఇరవై నాలుగు.

13 ఫిబ్రవరి

నిన్న గొట్టాలు తీసేశారు. పదహారు రోజులు. ఈరోజు పొద్దున ఆ మూల ఖాళీగా ఉంది, యంత్రాన్ని ఎక్కడికో తోసుకెళ్లారు. ఎర్ర గీత తనంతట తాను లేస్తోంది, పడుతోంది. గంట నిలబడినా చూడబుద్ధయ్యేలా ఉంది.

16 ఫిబ్రవరి, శుక్రవారం

నోట్లో గొట్టం తీశారు. గొంతు బొంగురు. మొదటి మాట "పాప?" అని. రెండోది "ఈరోజు ఎంత తారీకు?"

నాతో అయితే మాట్లాడలేదు. అలసిపోయింది, పాపం.

21 ఫిబ్రవరి, బుధవారం

వార్డుకు మార్చారు. అలసిపోయి కాదు. ప్రసాదు అంతా చెప్పాడట.

మధ్యాహ్నం నేనూ తనూ మాత్రమే ఉన్నాం. కమలాపండు ఒలుస్తున్నాను.

"డాక్టరుకు మీరే చెప్పినారంట."

"అవును."

"ముందు రెండు రోజులని చెప్పింది కూడా మీరేనంట."

"అవును."

క్షమించమని అడగాలని ఎన్నో రోజులుగా అనుకుంటున్నాను. నోట్లో ఉంది మాట. అడిగితే ఆ పిల్ల ఏదో ఒకటి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఇంకా నాలుగు మాటలకే రొప్పుతోంది. పండు తొనలు ప్లేట్లో పెట్టి ఊరుకున్నాను.

రెండు తొనలు తింది.

27 ఫిబ్రవరి

ముప్పై అయిదు. ఇంకో కాన్పు వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మాత్రలు ఏడాదైనా వాడాలి. నెలనెలా వచ్చి స్కానింగు చేయించుకోవాలి. గుండె పూర్తిగా కోలుకుంటుందా అని ప్రసాదు అడిగితే, చాలామందికి కోలుకుంటుంది, అందరికీ అని చెప్పలేనన్నాడు.

1 మార్చి, శుక్రవారం

ఇల్లు సిద్ధం చేయించాను. కింది గది, మెట్లు ఎక్కే పని లేకుండా. కిటికీకి దోమతెర. ఈ సంగతులన్నీ చందనకు చెబుతున్నాను. పూర్తిగా విని అంది.

"నేను కురిచేడు పోతా అత్తయ్యా. అమ్మ దగ్గరికి. పాపను తీసుకోని."

"మార్కాపురంలో అయితే డాక్టర్లు..." అని మొదలుపెట్టాను. నా గొంతు నాకే వినిపించింది. ఆపేశాను.

"మీ మీద కోపముందో లేదో నాకే తెలీడంల్యా. మీ ఇంట్లో ఉంటే అది తెలుసుకోలేను. మీరు నూనె పెడతారు, వండి పెడతారు, నేను ఊరుకుంటా. మళ్ల అట్లనే అయితది."

"ఎన్ని రోజులు?"

"తెలీదు."

సరే అన్నాను. ప్రసాదును పిలిచి, రైలు టిక్కెట్లు కురిచేడు దాకా తీయమని నేనే చెప్పాను. వాడు ఆశ్చర్యపోయాడు. మార్కాపురం రోడ్డు స్టేషనుకు ఒక్కటే, నాకు.

4 మార్చి, సోమవారం. ఇంట్లో

పొద్దున బయలుదేరేటప్పుడు హెప్సిబా చూడడానికి వచ్చింది. చందన చేతులు పట్టుకుని, "అక్కా, నువ్వు నడిచి పోతా ఉంటే చూడాలని లీవు రోజైనా వచ్చినా" అంది. నాకు మాత్రం, "గిద్దలూరు వస్తే ఇంటికి రా పెద్దమ్మా" అని చెప్పింది.

రైల్లో చందన కిటికీ పక్కన కూర్చుంది. పాప యశోద వదిన ఒళ్లో. నరసరావుపేట దాటాక వదిన పాపను తీసి నా చేతుల్లో పెట్టింది. వినుకొండ దాకా నా దగ్గరే ఉంది. ఒక నెల మీద పదిహేను రోజుల పిల్ల. ఒక్క చేత్తో నా కొంగు పట్టుకుని నిద్రపోయింది. పేరు కురిచేడులో పెడతారు. ఏం పేరో నేను అడగలేదు. వాళ్లే చెబుతారు.

కురిచేడులో రైలు ఎక్కువసేపు ఆగదు. ప్రసాదు ముందు సామాను దించాడు. తర్వాత వదిన పాపతో దిగింది. చందన తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకుంది, మెల్లగా ఒక్కో మెట్టూ దిగింది. నేను చెయ్యి చాచాను కానీ తనకు అవసరం పడలేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి నావైపు తిరిగింది.

"టైముకు తినండి అత్తయ్యా."

"నువ్వు మాత్రలు..."

"వేసుకుంటా."

రైలు కదిలింది. వాళ్లు నలుగురూ మెల్లగా నడుస్తున్నారు, చందన నడిచినంత మెల్లగా. మలుపు వచ్చేదాకా చూశాను.

ఎదుటి సీట్లో ఎవరో పెద్దామె, దొనకొండలో దిగాల్సినామె, అంతా చూస్తూ ఉంది.

"కోడలా?"

"అవును."

"పురిటి మనిషి మాదిరుందే. పుట్టింటికి పంపించినారా?"

అవునని తల ఊపితే సరిపోయేది. ఇంకో అరగంటలో ఆమె దిగిపోతుంది, మళ్లీ జన్మలో కనిపించదు.

"నేను పంపలేదమ్మా" అన్నాను. "తనే పోతానంది."